ఊరివైపు నుంచి చూస్తే ఖాళీ

నమోదు 1. సముద్రం నెమ్మది.

లాప్‌టాప్ మూత మీది ఉప్పు తుడిచాను. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, కీల సందుల్లోకి కోడి ఈక. మా మెరక ఊళ్లో ఏ ఇంట్లోనైనా పొద్దుటి మొదటి పని ఇదే. కాఫీ ఆ తర్వాతే.

మీట నొక్కితే నల్లటి తెర మీద రెండు వరసలు వస్తాయి. ఊరివైపు, ఇంటివైపు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఊరకే చూస్తూ కూర్చుంటే అదే ఊరివైపు వెళ్లిపోతుంది. ఈ వేళకి ప్రతి గడపలోనూ ఒకరినొకరు అడగడం వినిపిస్తుంది: "ఊరా, ఇల్లా?"

కొత్త డిస్కులు తయారవడం ఆగిపోయాక ఉన్నవాటిని ఇలా పంచుకున్నాం. సగం ఊరికి, సగం ఇంటికి. ఊరి సగంలో అలల కొలతలు, గాలి లెక్కలు, ఆసుపత్రి చీటీలు ముక్కలుముక్కలుగా అందరిళ్లలోనూ ఉంటాయి. సగం అన్నది మొదట్లో మాట. ఏటా వానాకాలం ముందు ఊరివైపు కొంచెం లావెక్కుతుంది, ఇంటివైపు ఆ మేరకు జరుగుతుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లల ఫొటోలకు కూడా చోటు చాలడం లేదు.

మా ఇల్లు గట్టు చివర. అలల కొలత తీగ సముద్రంలోంచి నేరుగా మా ఇంటికే వస్తుంది. తూము దగ్గరి మనుషులు ఆ అంకెలు చూసి తలుపు దించాలో ఎత్తాలో నిర్ణయిస్తారు. పాత విలేకరిని, అంకెలు తప్పు రాయనని ఆ పని నాకు అప్పగించారు. అందుకే నా డిస్కు అందరి కంటే పెద్దది. ఇంటివైపు కొట్టుగది కూడా పెద్దదే. ఇన్నేళ్ల ఫొటోలు, ఇంటర్వ్యూలు, శబ్దాలు అన్నీ అందులోనే.

ఇవాళ ఇంటివైపు తెరిచి ఆ గది సర్దాను. ఒకే ఫొటో నాలుగుసార్లు ఉంటే మూడు తీసేశాను. ఎవరో మంత్రి ప్రసంగం గంటన్నర ఉంది, వినకుండానే తీసేశాను. "నడక" జోలికి మాత్రం పోలేదు. చేపల వేట మొదలయ్యే ముందు రోజు దానితో పని ఉంది. ఇంకా పక్షం రోజులు లేదు.

నడక గురించి రాసి ఉంచాలి, తెలియనివాళ్లు చదవవచ్చు. మా పాత ఊరు మూలరేవు సముద్రంలో కలిసే ముందు చివరిరోజున నూకరత్నం వీధి మొదలు నుంచి చివర దాకా నడిచింది. ప్రతి గడప ముందూ ఆగి, "ఇంట్లో ఎవలన్నా ఉన్నారా?" అని కేకేసింది. లోపల ఎవరూ చిక్కుకుపోకూడదని ఊరి కమిటీ ఆమెకు అప్పగించిన పని. నేను మైకు పట్టుకుని వెనక నడిచాను. రికార్డు గంటకు కొంచెం తక్కువ. అందులో అల్యూమినియం సామాను చప్పుడు ఉంది, ఎవరో కోడిని తరుముతున్నారు, గోడల వెనక సముద్రం ఉంది.

మెరకకు వచ్చిన మొదటి ఏడు వేట ముందు రోజు దాన్ని అందరికీ వినిపించాను. రికార్డులో సూరాడ వాళ్ల గడప రాగానే, వింటున్న సూరాడ ముసలమ్మ అనుకోకుండా, "మెరకలో ఉన్నామే రత్నం!" అని జవాబిచ్చింది. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. ఎవరి గడప వస్తే వాళ్లు పలుకుతారు. పలికేవాళ్లు మిగలని ఇంటికి పక్కింటివాళ్లు పలుకుతారు. అంతా పలికాకే మర్నాడు పడవలు దిగుతాయి.

ఒక్క ఇంటి ముందు మాత్రం కేక లేదు. వీధి చివర నూకరత్నం ఇల్లు. అక్కడ ఆమె అడుగులు ఆగుతాయి, మళ్లీ సాగుతాయి. పిలిచే మనిషి తన ఇంటిని తానే పిలుచుకోదు కదా.

నమోదు 2. సముద్రం నెమ్మది. నా ఇల్లు కాదు.

నూకరత్నం రోజూ పొద్దున్నే వస్తుంది. పల్లపు వరసకు ఆమె పెద్ద. అలల అంకెలు చూసుకుని వెళ్లి తన వరసకు చెబుతుంది. ఇవాళ నేను టీ కాస్తుంటే ముందు గదిలోంచి అంది, "బాబూ, ఇదేటో అడుగుతంది."

"ఏమని?"

"ఇచ్చీసినానులే."

గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి తెర మీద పచ్చగా "ధన్యవాదాలు" అని ఉంది.

"ఏం ఇచ్చావు నూకరత్నమ్మా?"

"జాగా అడిగింది బాబూ. ఇక్కడ ఖాళీ జాగా ఉంది, ఊరికి ఇస్తారా అని. ఇస్తాను, ఇవ్వను అని రెండుంటే ఇస్తాను నొక్కినాను."

"నన్ను అడగకుండానా?"

"అడగడానికేటుంది? ఊరు సెయ్యి సాపింది. రేవులో పడవ వొచ్చినప్పుడు సెయ్యి సాపినోళ్లకి లేదన్నామేటి ఎప్పుడన్నా? మా అత్త బతికుంటే ఆ ఇవ్వను అన్నదాని మీద పేడ కొట్టీది."

టీ అక్కడ పెట్టి యంత్రాన్ని ఆపి, ఇంటివైపు తెరిచాను. గడియారం ఎప్పటిలాగే ఐదున్నర గంటలు వెనక్కి పోయింది. రెండు వైపులా కాలం ఒక్కలా లెక్కపెట్టవు, అది పాత జబ్బు. కొట్టుగది కోసం చూశాను. లేదు. గది ఉన్న చోట, "ఇది ఊరివైపుకు చెందినది" అని ఒక వాక్యం.

నడక రెండో కాపీ బయటి డిస్కులో ఉండేది. ఉప్పుగాలికి అది నిరుడే పోయింది. ఇంకోదానికి అర్జీ పెట్టాను, వరసలో ఉంది.

నూకరత్నానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తెరకు దగ్గరగా వంగింది.

"నడకే?"

"నడకే."

"ఓలమ్మో," అని కింద కూర్చుండిపోయింది. "అందరి గడపలూ నానే పిలిసినాను. అందరి గడపలూ నానే ఇచ్చీసినానా!"

నమోదు 3. చిరుగాలి.

డిస్కుల్లో చోటు పంచే జాగా ఆఫీసు నుంచి ప్రజ్వల వచ్చింది. ముప్పై దాటని మనిషి, మెరకలోనే పుట్టింది. ఆమెకు మూలరేవు తెలియదు. ఏటా నడక వినడానికి మాత్రం వస్తుంది. కుర్చీ వేస్తే కూర్చోకుండా ముందు యంత్రం చూసింది.

"మా వైపు నుంచి చూస్తే అక్కడ ఏమీ లేదు సార్."

"ఏమీ లేదా, ఏమీ కనబడలేదా?"

ఆగింది. "కనబడలేదు. మీ ఇంటివైపు సర్దే పద్ధతి వేరు. మా ప్రోగ్రాముకు ఆ పద్ధతి చదవడం రాదు. చదవలేని చోటంతా దానికి ఖాళీయే."

ఈ మాట నేను ఇదివరకు విన్నాను. ఓడరేవు కోసం మూలరేవు ఇసుకను కొలిచినప్పుడు సర్వే వాళ్లు వలలు ఆరేసే చోటంతా ఖాళీ అని రాశారు. గోడలు లేవు, అందుకని. అప్పుడు నేను రాసిన వార్త మూడో పేజీలో వచ్చింది. ప్రజ్వలకు ఇదంతా చెప్పలేదు. ఆమె అప్పటికి పుట్టలేదు, పైగా సాయం చేయడానికి వచ్చింది.

ఆమె చెప్పింది ఇది. గది పేరు పలక మాత్రమే పీకేశారు, సామాను ఇంకా లోపలే ఉంది. కాని ఊరివైపు తెరిస్తే అది కొత్తగా వచ్చిన చోట రాసుకోవడం మొదలుపెడుతుంది. ఒకదాని మీద ఒకటి రాస్తే కిందిది పోయినట్టే. కాబట్టి ఊరివైపు తెరవకూడదు. ఇంటివైపు నుంచే మెల్లగా, అంగుళం అంగుళం వెతికి, దొరికింది దొరికినట్టు ఇంకో డిస్కులోకి ఎత్తుకోవాలి. ఇదే డిస్కులో పెట్టామా, మనమే తొక్కేసినట్టు.

"అలల కొలత?" అన్నాను.

"సముద్రం ఇలా ఉన్నన్నాళ్లూ తూము వాళ్లు రంగు వేసిన స్తంభం చూసి నెట్టుకొస్తారు. నేను మాట్లాడతాను. గాలి ముదిరితే మాత్రం మీ తీగ కావాల్సిందే సార్."

"ఇంకో డిస్కు?"

"ఆఫీసులో లేదు. ఎవరైనా ఇంటివైపు ఖాళీ చేసి ఇవ్వాలి." చెప్పులు వేసుకుంటూ, "రత్నం పిన్నిని తిట్టకండి సార్. ఆ రెండు మీటలు పక్కపక్కన పెట్టింది మేమే," అంది.

యంత్రం మూత మీద కాగితం అంటించాను. ముట్టుకోవద్దు.

నమోదు 4. చిరుగాలి. ఉక్క.

డిస్కు అడుగుతూ నూకరత్నం వరసంతా తిరిగింది. నేనూ వెంట వెళ్లాను. ఎవరూ ఇవ్వనని అనలేదు. చోటే లేదు. ఒకామె తన మనవడి పుట్టినరోజు వీడియో తీసేస్తానని బయల్దేరితే నూకరత్నమే వద్దంది. తీసేసినా సరిపోదు.

చివరికి సింహాచలం ఇల్లు. సింహాచలం పాత ఇంజన్ మెకానిక్. నడకలో అతని గడప దగ్గర ఏం జరిగిందో మెరకలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నూకరత్నం, "ఇంట్లో ఎవలన్నా ఉన్నారా?" అంటుంది. లోపల్నుంచి అతను, "లేరు!" అంటాడు. వెంటనే ఆమె, "లేనోడివి బేగి బయల్దేరు!" ఏటా అందరూ ఆ చోటుకే ఎదురుచూస్తారు. ఏటా అతను లేచి నిలబడి, "లేరు!" అని మళ్లీ అరుస్తాడు.

సింహాచలం అరుగు మీద యంత్రం ఒళ్లో పెట్టుకుని పేకాట ఆడుతున్నాడు. అతని ఇంటివైపు మొత్తం ఆ ఒక్క ఆటే. ఆడిన ప్రతి ఆటనూ అది దాస్తుంది. ఎప్పుడు ఏ ముక్క వేశాడో వెనక్కి వెళ్లి చూసుకుంటాడు.

"ఏటి, దానకర్ణురాలు ఇటొచ్చింది?" అన్నాడు తల ఎత్తకుండా. "నా ఇల్లు కూడా ఇచ్చీడానికా?"

"నీ ఇల్లెవలికి కావాల్రా. నీ డిస్కు కావాలి."

"దీన్లో నా జీవితం ఉంది."

"పేకముక్కలున్నాయి."

"అదే సెప్పతన్నాను."

నూకరత్నం అరుగు అంచున కూర్చుంది. వేళాకోళం మానేసి అంది, "సింహాచలం, వొచ్చే వారం వేట. గడపలు పలక్కుండా పిల్లలు సముద్రంలో దిగితే నాకు నిద్దర పట్టదు. అది పోతే పోగొట్టిందాన్ని నానే. ఆ మాట మొయ్యలేను."

అతను ఆ ఆట పూర్తి చేశాడు. ఓడిపోయాడనుకుంటాను, ముక్కలు గట్టిగా కొట్టాడు. యంత్రాన్ని తిప్పి నా ఒళ్లో పెట్టాడు.

"తీసీ బాబూ, మొత్తం తీసీ. నాను సూడను." లోపలికి వెళ్లిపోయాడు. లోపల్నుంచి, "నా గడప మాత్రం తప్పకుండా రావాల!" అని కేక వినిపించింది.

సాయంత్రం ప్రజ్వల రెండు యంత్రాలనూ తీగతో కలిపింది. వెతుకులాట మొదలైంది. తెర అడుగున సన్నటి గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. చీమ ఇంకా వేగంగా పోతుంది.

నమోదు 5. తూర్పు గాలి. అల పెరుగుతోంది.

గీత సగం దాటింది. దొరికినవాటిలో నడక మొదటి ముక్కలు ఉన్నాయి. వీధి మొదలు, సూరాడ వాళ్ల గడప, నీలం తలుపు ఇల్లు. మైకు గాలికి బుస్సుమంటున్న చప్పుడు కూడా వచ్చింది. సింహాచలం పొద్దుట వచ్చి, "నాను వొచ్చినానా?" అని అడిగాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. "లేరు!" అని తన గొంతే వినిపిస్తే, "ఎంత కుర్రగొంతో సూడు," అన్నాడు.

ఆ తర్వాతిది రేడియో ఇల్లు. అది కూడా వచ్చింది. ఇంకా వీధి చివరి వంపు మిగిలింది. పది పన్నెండు గడపలు.

అప్పుడే ప్రజ్వల తడిసిపోయి వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం. రంగు స్తంభం నురగలో కనబడటం లేదు. తూము తలుపు ఎప్పుడు దించాలో వాళ్లకు తెలియడం లేదు. ముందే దించితే ఊళ్లో వాన నీరు బయటికి పోదు. ఆలస్యంగా దించితే సముద్రం పల్లపు వరసలోకి వస్తుంది.

"తీగ కావాలి సార్."

గీత వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"ఇంకెంతసేపు?"

"ఒక పూట."

"సముద్రం?"

గట్టు మీద అల పడిన చప్పుడుకు కిటికీ అదిరింది.

నిర్ణయం నాది. యంత్రం నాది, తీగ నా ఇంట్లో ఉంది. ఏం చేయాలో నాకు తెలుసు. కాని ఆ మాట నూకరత్నం ముందు ఎలా అనాలా అని వెతుక్కుంటున్నాను. ఆమె గోడవారన నిలబడి అంతా వింది. పైట బిగించింది.

"ఏటి సూస్తన్నావు బాబూ? పల్లపు వరసలో పసిపిల్లలున్నారు. ఊరివైపు వెయ్యి."

"వేస్తే మిగతా గడపలు పోతాయి నూకరత్నమ్మా."

"ఆ గడపలు సముద్రం తీసీసుకుని సానా కాలమైంది. ఇప్పుడున్న గడపలు సూడు. వెయ్యి!"

సింహాచలం రెండు యంత్రాలనూ కలిపిన తీగ ఊడదీశాడు. ఆపి, మళ్లీ మీట నొక్కాను. రెండు వరసలు వచ్చాయి. ఊరివైపు ఎంచుకున్నాను. అంకెలు పరిగెత్తాయి. నూకరత్నం అప్పటికే వానలో పల్లపు వరసకు దిగుతోంది. ప్రతి గడప ముందూ ఆమె కేక గాలిలో వినిపించింది. అదే కేక.

నమోదు 6. గాలి తగ్గింది.

తూము తలుపు వేళకు దిగింది. పల్లపు వరసలో నీళ్లు గడపల దాకా వచ్చి ఆగాయి. ఒక మేక కొట్టుకుపోయింది. మనుషులంతా ఉన్నారు. గట్టు చివర రెండు చోట్ల రాళ్లు జారాయి, నా పెరటి గోడ పడిపోయింది.

సముద్రం సర్దుకున్నాక ఇంటివైపు తెరిచి వెతుకులాట మళ్లీ పెట్టాం. గీత చివరిదాకా వెళ్లింది. నడకలో రేడియో ఇంటి తర్వాత ఏమీ దొరకలేదు. ఆ గడపలు ఉండాల్సిన చోట ఏముందో చూపించమని ప్రజ్వలను అడిగాను. అంకెలు. తుఫాను రోజు అలల ఎత్తులు, వరసగా.

ఆమె కళ్లు తుడుచుకుంది. "నాది తప్పయిపోయింది సార్. ఇంకాస్త ముందు మొదలుపెట్టి ఉంటే..."

"మీ ప్రోగ్రాముకు చదవడం నేర్పించండి చాలు," అన్నాను. చదవలేని చోటును ఖాళీ అని చూపించకూడదని ఆమె ఆఫీసుకు రాసింది. "తెలియదు" అని చూపించాలట. ఒక్క మాట మార్పే. నేను వార్తల్లో ఎన్నోసార్లు అడిగింది ఇదే.

నమోదు 7. సముద్రం నెమ్మది. రేపు వేట.

ఎప్పటిలాగే వలల షెడ్డులో కూర్చున్నాం. సింహాచలం యంత్రం మధ్యలో పెట్టాం, నడక ఇప్పుడు దాన్లోనే ఉంది. మిగిలినదెంతో ముందే అందరికీ చెప్పాను. దాచి లాభం లేదు.

వీధి మొదలైంది. సూరాడ వాళ్లు పలికారు. నీలం తలుపు ఇంటికి వాళ్ల మనవరాలు పలికింది, చంకలో బిడ్డతో. పలికేవాళ్లు లేని కొబ్బరిదిమ్మెల ఇంటికి పక్కింటి వాళ్లు పలికారు. సింహాచలం లేచి, "లేరు!" అని అరిచాడు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. రేడియో ఇల్లు అయింది. తర్వాత యంత్రం మూగపోయింది.

నూకరత్నం తలవంచుకుని కూర్చుంది.

"ఆ తర్వాత వంకర మెట్టు ఇల్లు," అంది వెనకనుంచి ఒకామె.

"వంకర మెట్టు ఎక్కడ? ముందు అప్పన్న మావ పాక."

"పాక ఎడమేపే, వంకర మెట్టు కుడేపు. రత్నం కుడేపు నుంచి కదా పిలిసింది!"

"నీకెలా తెలుసు, నువ్వప్పటికి లారీ ఎక్కీసినావు."

"ఎక్కీసినా సూస్తన్నాను. లారీలో కళ్లుండవేటి?"

గొడవ ముదిరింది. నూకరత్నం తల ఎత్తింది. "పాకే ముందు," అంది. లేచి నిలబడింది. "అప్పన్న మావా! ఇంట్లో ఎవలన్నా ఉన్నారా?"

మూల నుంచి అప్పన్న కూతురు పలికింది. "మెరకలో ఉన్నామొదినా!"

నా చేతి రికార్డరు నొక్కాను. వంకర మెట్టు ఇల్లు. గోలీసోడా బడ్డీ. రెండు తలుపుల ఇల్లు. ఆమె గొంతు అప్పటి కంటే బొంగురుగా ఉంది, ఆగే చోట్లు మాత్రం అవే. ఎక్కడైనా తడబడితే నలుగురు అందించారు. ఒక ఇంటి పేరు ఎవరికీ గుర్తు రాలేదు. "గచ్చు చల్లగుండేది, ఆ ఇల్లు," అంది ఎవరో. సరే, చల్లగచ్చు ఇల్లు అని పిలిచింది. ఎవరో పలికారు.

వీధి చివర వచ్చింది. నూకరత్నం ఆగింది. తర్వాత, "అంతే, అయిపోనాది," అని కూర్చోబోయింది.

సింహాచలం లేచాడు. అరచేతులు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నూకరత్నం ఇల్లు! ఇంట్లో ఎవలన్నా ఉన్నారా?"

ఇన్నేళ్లలో ఆ కేక ఎవరూ వినలేదు. నూకరత్నం సగం కూర్చున్నది అలాగే ఉండిపోయింది. పక్కనున్న ఆడవాళ్లను చూసింది, నన్ను చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, గట్టిగా అంది.

"లేరు!"

నవ్వు పైకప్పు రేకుల్ని తాకింది. సింహాచలం నవ్వలేదు. ఇన్నేళ్లూ దాచుకున్నవాడిలా బదులిచ్చాడు.

"లేనిదానివి బేగి బయల్దేరు!"

"వొత్తన్నాను ఉండు," అంది. ఈసారి మెల్లగా.

ఇవాళ రికార్డు చేసింది పాత నడక చివర అతికించాను. కాపీ ఒకటి నా ఇంటివైపు, ఒకటి సింహాచలం దగ్గర, ఒకటి ప్రజ్వల తన సొంత ఇంటివైపు చోటు చేసి పెట్టుకుంది. మూడు చోట్లా తెరిచి చూశాను, మూడూ వినబడుతున్నాయి. నాకు తెలిసినంతవరకు మూలరేవు వీధిలో పిలవకుండా మిగిలిన గడప ఇక లేదు.